సునీత బొటనవేలితో భూపాలపల్లి దాకా

ఉదయం ఆరూ నలభైకి జనగామలో రైలెక్కాను. నేను ఫిజియోథెరపిస్టును. మొబైల్ గేమ్ పోటీలు ఆడే అమ్మాయిల జట్టొకటి ఉంది. వాళ్ళ చేతులు, మెడలు, కళ్ళు, నిద్ర చూసుకోవడం నా పని. ఆ మధ్యాహ్నం మూడింటికి భూపాలపల్లిలో వాళ్ళ ఆట. గెలిస్తే హైదరాబాద్ పోటీకి వెళ్తారు. జట్టులో గురి తప్పనిది సునీత. ఆమెకేమో కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. ఫోనే కారణమని ఒక్క చూపులో తేల్చేసి, వారం పాటు ఆట మాన్పించాను. దారిలో కూడా ఫోన్ ముట్టకుండా కాపలా కాద్దామనే మహబూబాబాద్ మీదుగా చుట్టు తిరిగి బయల్దేరాను.

తొమ్మిదికి మహబూబాబాద్‌లో దిగాను. మరిపెడ దగ్గరి తండా నుంచి వచ్చిన సునీత బస్టాండులో కూర్చుని ఉంది. వాళ్ళమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు తిని నర్సంపేట బస్సెక్కాం. ఆధార్ చూపితే ఆడవాళ్ళకు టికెట్ సున్నా. నర్సంపేటలో ఒకసారి, ములుగులో ఒకసారి బస్సు మారాలి.

బస్సు కదిలాక ఆమె బొటనవేలు నొక్కి చూశాను. "అబ్బా!" అంది. నొప్పి తగ్గకపోగా పెరిగింది. నాకు ఒళ్ళు మండింది.

"చాటుగా ఆడినవ్ గదా?" అన్నాను.

"యాడి మీద ఒట్టక్కా, ఫోన్ ముట్టలే." యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

నమ్మలేదు. విసుగ్గా అదే చేత్తో కన్ను నలుపుకున్నాను. అంతే, కన్ను భగ్గుమంది. పక్క సీటులో ఉన్న అవ్వ తన సీసా నీళ్ళిచ్చి, సునీత వేళ్ళు చూసి నవ్వింది.

"మిర్చి చేతులు బిడ్డా గవి. ఎంత కడిగినా గా ఘాటు పోదు."

సునీత తల దించుకుంది. "మిర్చి పనికి ముందుగాల అప్పుడప్పుడు పోతుంటి. నువ్వు ఆట బంద్ పెట్టుమన్నవ్ గదక్కా. ఖాళీగ ఎందుకని యాడితోని రోజు మిర్చి తొడిమెలు తియ్యవోయిన. పొద్దంత గీ బొటనేలుతోనే గిచ్చుడు."

నాకు సిగ్గేసింది. ఫోన్ ఎన్ని గంటలు పట్టుకుంటుందో అడిగాను గానీ, ఆ చెయ్యి ఇంకేం పని చేస్తుందో ఒక్కసారీ అడగలేదు.

నర్సంపేటలో చాయ్ తాగుతూ బొటనవేలు కదలకుండా పట్టీ చుట్టాను. ఆటలో తుపాకీ పేల్చే బటన్‌ను తెర పైఅంచుకు జరిపించి, చూపుడువేలితో నొక్కమన్నాను. పది నిమిషాలు సాధన, పది నిమిషాలు విశ్రాంతి. ములుగు దాకా కాల్చినవన్నీ తప్పాయి. ఆ తర్వాత తగలడం మొదలైంది.

బొగ్గు లారీల వెనకే ఒంటిగంటన్నరకు భూపాలపల్లి చేరాం. పోటీ ఒక ఫంక్షన్ హాలులో. కెప్టెన్ పట్టీ చూసి అడిగింది: "ఆడుతవా, వేరే పిల్లను దింపాల్నా?"

"నేనే ఆడత," అంది సునీత.

మూడు ఆటల్లో మొదటిది ఓడారు. మిగతా రెండూ గెలిచారు. ఆఖరి గుండు సునీత చూపుడువేలిదే. నేను కుర్చీ మీదికెక్కి అరిచాను.

ఐదున్నరకు హనుమకొండ బస్సెక్కాం. పరకాల దాటాక సునీతకు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. గెలిచిన సంగతి విని, ఫోన్ తెచ్చిన నొప్పి ఎట్లుందని అడిగిందట. సునీత ఫోన్ నా చేతికిచ్చింది. తప్పు ఫోన్‌ది కాదు, నాది అన్నాను. నొప్పి మిర్చి తొడిమెలది, కొన్నాళ్ళు పనికి పంపొద్దన్నాను.

"గీ నొప్పికి మందున్నదా బిడ్డా?" అంది ఆమె. "నాకు పదేండ్ల సంది ఉన్నది."

ఆదివారం ఇంట్లో ఉంటుందేమో కనుక్కుని, మరిపెడ నుంచి వాళ్ళ తండాకు బస్సు ఎన్నింటికో రాసుకున్నాను.