మార్చకుండా వదిలేసిన లైను

భూపాలపల్లిలో ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టే కంటి శిబిరాలకు ప్రోగ్రాం రాసిచ్చే పని దొరికితే జనగామ నుంచి వచ్చి అక్కడే గది తీసుకున్నాను. గంగారం వైపు గూడేల్లో నింపుకొచ్చిన దరఖాస్తులను కంప్యూటర్లో ఎక్కించడానికి కాటారం నుంచి ఒక అక్క రోజూ బస్సులో వచ్చేది. టైపింగ్ కొత్త. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేది గానీ తప్పు రానిచ్చేది కాదు.

ప్రోగ్రాం కట్టడానికి నేను వాడిన ఫ్రేమ్‌వర్క్‌లో డేటాబేస్ కనెక్షన్ సంగతంతా ఒక చిన్న ఫైల్లో రాయాలి. ఏ డేటాబేస్, ఏ యూజర్, ఏ పాస్‌వర్డ్. చివరి లైన్లో, ప్రోగ్రాం మొదలైనప్పుడల్లా, ఎక్కించిన వివరాలు ఉండే టేబుళ్లను ఏం చేయాలో. మనం పరీక్షించుకునేటప్పుడు పాతవి తీసేసి కొత్తవి కట్టమని పెట్టుకుంటాం. అసలు పనికి ఇచ్చేముందు అది మార్చాలి. డేటాబేస్ అడ్రసు మార్చాను, పాస్‌వర్డ్ మార్చాను, ఆ లైను మరిచాను. ఇంకొకడు ఇట్లా చేస్తే ఎంత వెక్కిరించేవాణ్ణో!

వారమంతా ప్రోగ్రాం ఆగకుండా నడిచింది. ఆ ఆఫీసులో శనివారం సాయంత్రం మెయిన్ స్విచ్చి దించి తాళం వేస్తారు. నాకు తెలియదు, అడగనూ లేదు. సోమవారం స్విచ్చి ఎత్తగానే ప్రోగ్రాం తనంతట తానే మొదలై, నేను రాసిన ప్రకారం టేబుళ్లన్నీ తుడిచేసింది.

ఖాళీ జాబితా చూసి మేనేజరు అక్కను తగులుకున్నాడు. "వారం సంది ఏం జేసినవమ్మా? ఉత్తగ కుర్సీల కూసొని పోయినవా?"

"ఎక్కించిన సార్, ఒట్టు," అని ఆమె నావైపు తిరిగింది. "తమ్మీ, నువ్వు సూసినవ్ గదా, జర చెప్పరాదు!"

చూశాను. పక్కనే కూర్చుని చూశాను. కానీ ఆ రోజే సంస్థ మహబూబాబాద్ ఆఫీసువాళ్లు ప్రోగ్రాం చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే అక్కడి పని కూడా నాదే.

"సిస్టంల అయితే ఏం లేదక్కా," అన్నాను. మాట నిజమే. అంతకంటే పాపిష్టి మాట నా నోట ఎప్పుడూ రాలేదు.

మధ్యాహ్నానికల్లా ఆమెను రేపటి నుంచి రావద్దన్నారు. ఆమె వెళ్లాక ఆ ఒక్క లైను మార్చి సేవ్ చేశాను. దరఖాస్తులు ఇంకెవరో మళ్లీ ఎక్కించారు. మహబూబాబాద్ పని వచ్చింది, సిగ్గులేకుండా చేశాను.

మొన్న భూపాలపల్లి బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టింది. తిట్టినా బాగుండేది. "తమ్మీ, మంచిగున్నవా?" అంటూ జరిగి జాగా ఇచ్చింది. బట్టల దుకాణంలో పని చేస్తోందట. అక్కడ కంప్యూటర్ దగ్గర కూర్చోమంటే తనే వద్దందట.

"నేనే ఏదో తప్పు నొక్కిన కావచ్చు తమ్మీ. వారం పని మొత్తం పోగొట్టిన. గా దినం నుంచి దాన్ని ముట్టాలంటేనే భయమైతది."

చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో కాటారం బస్సు వచ్చింది. ఆమె సంచి అందుకుని రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"నా వల్ల నీకు గూడ మాటొచ్చిందా తమ్మీ?"

"లేదక్కా," అన్నాను. ఆమె నిమ్మళంగా బస్సెక్కింది.