అత్త గీసిన అడవి

మొన్న ఆదివారం పొద్దున సూరత్ శివారు భేస్తాన్ నుంచి బావ ఫోన్ చేశాడు. “అమ్మ పోయింది. చాయ్ పెట్టుమన్నది, నేను తెచ్చేసరికే...” అని ఆగిపోయాడు. ఆమె నాకు మేనత్త. సూరత్‌లో ఒక చీరల ప్రింటింగ్ మిల్లులో డిజైన్ మాస్టర్. అదే మిల్లులో నాకు పని నేర్పింది కూడా ఆమే.

తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబం మాది. అత్త చదువుకుని, చీరల మీద పువ్వులు గీసే కొలువులో చేరింది. తన డిజైన్ కట్టుకున్న మనిషి బజారులో ఎదురైతే ఆగి, వెనక నుంచి కూడా చూసేది. అలాంటి ఆమెకు రిటైరయ్యే వయసులో, అడవుల్లో తిరిగే సైనికుల యూనిఫాం గుడ్డ పని వచ్చింది. “ఇన్నేండ్లు మనిషి కనవడాలె అని గీసిన. ఇప్పుడు కనవడకుంట గియ్యాల్నట” అని ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

నవ్వింది గానీ, అలాంటి గుడ్డల గురించి దొరికిందల్లా చదివింది. రెండో ప్రపంచ యుద్ధంలో, దుమ్ము నేలలకు కుదిరిన ఖాకీ బర్మా అడవుల్లో సైనికుల్ని పట్టిచ్చేస్తోందని దాన్నే ఆకుపచ్చ రంగులో ముంచారట. ఒకే పచ్చలో మనిషి ఆకారం తెలిసిపోతోందని తర్వాత మచ్చలు వేశారట. అన్నం తినేటప్పుడు మాకు ఇవన్నీ కథల్లా చెప్పేది.

మా మొదటి నమూనాను మిల్లంతా మెచ్చుకుంది. ఆకులు, కొమ్మలు, అచ్చం అడవే. వానాకాలంలో, గుజరాత్‌లోనే ఉన్న డాంగ్ అడవికి పరీక్షకు తీసుకెళ్లాం. ఒక జవాను అది తొడుక్కుని వెదురు పొదల్లోకి నడిచాడు. కొంచెం దూరం పోగానే ఆ సన్నటి ఆకులన్నీ కలిసిపోయి ఒకే నల్లటి ముద్దయ్యాయి. తడిసిన నూలు గుడ్డ ఒంటికి అంటుకుని భుజాలు, నడుము గీసినట్టు కనబడ్డాయి. అయినా సైన్యం నుంచి వచ్చిన అధికారి బాగానే ఉందన్నాడు. మా మిల్లు యజమాని సేఠ్ ముఖం వెలిగింది.

అత్త ముందుకు వెళ్లి, ఇది పాస్ చెయ్యొద్దని ఆ అధికారికే చెప్పింది.

ఆర్డర్ చేజారిపోతుందని సేఠ్ ఆమెను పక్కకు పిలిచాడు. “ఆర్డర్ చలా జాయేగా, మేడం!”

“జానే దో సేఠ్. ఆద్మీ దిఖ్ రహా హై.” పోతే పోనివ్వు, మనిషి కనబడుతున్నాడు, అంతే.

తిరిగొస్తూ జీపులో నాతో అంది: “ఆ పిలగాని మొఖం జూసినవా? మనం ఇచ్చినమని నమ్మి తొడుక్కున్నడు.”

ఆర్డర్ పోలేదు, గడువిచ్చారు. సెలవు దొరికినప్పుడల్లా అత్త మోకాళ్ల నొప్పులతోనే బస్సెక్కి అడవికి పోయింది. గొడుగు కింద కూర్చుని, ఆకులు పోయి వెలుగు నీడలే మిగిలేలా కళ్లు సగం మూసి చూసేది. నేను మళ్లీ ఆకు గీస్తే చెరిపించేది. “ఆకెందుకు బిడ్డా, అడవిల ఆకులు మస్తుగున్నయ్. ఆకుల నడుమ చీకటి గియ్యి.” అలా పెద్ద మచ్చలు, మసక అంచులు, నిలువుగా వెదురు నీడలు వచ్చాయి. తొందరగా ఆరేందుకు నూలులో పాలిస్టర్ కలిపించింది. మెరుస్తోందని ఒక తాను మొత్తం వెనక్కి పంపింది. ఇప్పటికీ ఏ గుడ్డనైనా నేను కళ్లు సగం మూసే చూస్తాను.

ఆ గుడ్డ పాసై, యూనిఫాంలుగా ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు రెండో పరీక్ష రోజే కళ్ల ముందుంది. అదే అడవి, సన్నటి జల్లు. జవాను పొదల్లోకి వెళ్లాడు. అందరం వెతికాం. అధికారి బైనాక్యులర్ దించేశాడు. అత్త కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, బురదలో తనే నడిచింది. పొద పొద దగ్గరా ఆగి, హిందీ మరిచిపోయి, చిన్నపిల్లలా పిలిచింది: “ఏడున్నవు బిడ్డా? ఏడున్నవు?”

ఆమె చేతికందేంత దూరంలో వెదురు పొద నవ్వింది.