పుచ్చకాయలు పట్టే చేతులు

చాచా పోయాడని బహ్రెయిన్ రోజుల నాటి మా గోల్‌కీపరే ఫోన్ చేసి చెప్పాడు. అతను ఇప్పుడు జగిత్యాల దగ్గర తన ఊళ్ళో ఉంటున్నాడు.

"అన్నా, మన చాచా పోయిండంట. నిన్ననే హైదరాబాద్‌ల మట్టి చేసిండ్రంట," అన్నాడు.

సాయంత్రం మా పాత కెప్టెన్‌కి ఈ కబురు నేను చెప్పాను. ఆయనది అమలాపురం వైపు. "అయ్యో" అని, "ఆటగాడంటే ఆయనేనండీ. నేర్పడమే ముందు రాలేదు," అన్నాడు. బాగా ఆడినవాడు బాగా నేర్పగలడా అని మేం క్యాంపులో ఎన్నో శుక్రవారాలు వాదించుకున్నాం. కెప్టెన్ అన్న ఆ "ముందు" తర్వాత జరిగింది కూడా ఎక్కడో ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

2005 ప్రాంతంలో మేం నలుగురం బహ్రెయిన్‌లో ఒకే కంపెనీలో పనిచేసేవాళ్ళం. సల్మాబాద్‌లో కంపెనీకి పండ్ల గోడౌన్ ఉండేది. అక్కడ నేను స్టోర్‌కీపర్ని, కెప్టెన్ ఏసీ మెకానిక్, గోల్‌కీపర్ది లోడింగ్ పని. చాచా మా క్యాంపు బస్సు నడిపేవాడు. పాతబస్తీ మనిషి. వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ డిపార్ట్‌మెంట్ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరుగా ఆడాడు. మోకాలు చెడి ఆట మానేశాడు. బస్సు దిగేటప్పుడు కూడా ఎడమకాలు ముందు పెట్టి, తలుపు పట్టుకుని దిగేవాడు.

శుక్రవారాలు క్యాంపు వెనక మట్టి మైదానంలో మ్యాచ్‌లు ఆడేవాళ్ళం. స్కాఫోల్డింగ్ పైపులు పాతితే గోల్‌పోస్టు, సున్నం పోస్తే గీత. గోల్‌కీపర్ని తయారుచేసే పని కెప్టెన్ చాచాకి అప్పగించాడు. వారమంతా చాచాని "ఎన్నింటికి బండి?" అని తప్ప ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఆ ఒక్క పూటే ఆయన్ని ఆట గురించి అడిగేవాళ్ళు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు.

కానీ నేర్పడం మాత్రం చిత్రంగా ఉండేది. గోల్ వెనక నిలబడి అరిచేవాడు.

"అరె మియా, బాల్ దగ్గరికి నువ్వు పోవాలె. అది వచ్చేదాంక చూస్తవా? సుట్టమా అది?"

"ఎట్ల పోవాల్నో చెప్పు చాచా."

"చెప్పుడేంది? పో!"

"ఎప్పుడు పోవాలె?"

"అది తెలుస్తది."

"నాకు తెలుస్తలేదు గదా!"

"నాకెవలు చెప్పిండ్రు? తెల్సింది. అంతే."

అబద్ధం కాదది. ఆయన చేతులకు ఆ విద్య చిన్నప్పుడే వచ్చేసింది. దాన్ని మాటల్లో పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఒకసారి చెప్పలేక తానే ఎగిరి చూపించబోయాడు. బంతి పట్టాడు గానీ లేవడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.

మామీర్‌లో ఉన్న ఇంకో కంపెనీ క్యాంపు వాళ్ళతో ఆడిన మ్యాచ్‌లో పరువు పోయింది. వాళ్ళు బలంగా కొట్టిన బంతిని మావాడు రెండు చేతులతో చక్కగా పట్టాడు. పట్టి, పొట్టకు హత్తుకుంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు. గీత మీద నిలబడ్డవాడు బంతితో సహా గీత లోపలికి వెళ్ళాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. మళ్ళీ ఇంకోసారి కూడా అంతే జరిగింది.

"సామాన్ లోపట పెట్టిండు భాయ్! ఖలాస్! సంతకం తీస్కోండ్రి!" అని మామీర్ వాళ్ళు ఒకటే నవ్వు.

ఆట అయ్యాక కెప్టెన్ చాచా దగ్గరికి వచ్చాడు. "మీరు పెద్ద ఆటగాళ్ళే చాచా, కాదనం. కానీ మావోడికేం నేర్పారండీ? వచ్చే శుక్రవారం మళ్ళీ వీళ్ళతోనే మ్యాచ్. అప్పుడూ ఇలాగే అయితే గోల్‌లో వేరేవోణ్ణి పెడతాను. వాడికి నేనే నేర్పుకుంటాను."

చాచా సరేనన్నట్టు తల ఊపాడు. వెళ్ళి బస్సులో కూర్చున్నాడు. బస్సు ఎక్కడికీ పోయేది లేదు.

ఆ వారం మధ్యలో బస్సు రిపేరుకు వచ్చింది. గ్యారేజీ మా గోడౌన్ పక్కనే. చాచా నా దగ్గర కూర్చుని పాలు లేని సులేమాని చాయ్ తాగుతుంటే పుచ్చకాయల లారీ వచ్చింది. లారీ మీద ఒకడు కాయ విసిరితే, కింద మా గోల్‌కీపర్ పట్టుకుని వెనకవాడికి అందిస్తున్నాడు. కాయ చేతికి తగలగానే చేతులు దానితోపాటే వెనక్కి పోతాయి. కాయ పొట్ట దాకా వస్తుంది, కాలు ఒక అడుగు వెనక్కి పడుతుంది. కాయకి దెబ్బ తగలదు.

చాచా గ్లాసు కింద పెట్టాడు.

"రోజూ ఇట్లనే పడ్తడా వీడు?"

"అవును. గట్టిగా పట్టుకుంటే పగిలిపోతుంది చాచా," అన్నాను.

ఆయన లేచి లారీ దగ్గరికి నడిచాడు. "జరుగు మియా. నాకొకటి ఎయ్యి," అన్నాడు. పైవాడు విసిరాడు. చాచా చేతులు చాచి కాయకు ఎదురెళ్ళాడు. అది ఆయన చేతుల్లోనే పగిలి యూనిఫాం చొక్కా అంతా ఎర్రగా అయింది. అందరూ నవ్వారు. గోల్‌కీపర్ మాత్రం కంగారుపడి భుజం మీది తువ్వాలతో ఆయన చొక్కా తుడుస్తూ, "ఎదురుపోవద్దు చాచా. రానియ్యాలె దాన్ని," అన్నాడు.

"రానియ్యాలె," అన్నాడు చాచా. అలాగే నిలబడి ఇంకో పది కాయలు దిగేదాకా అతని చేతులనీ కాళ్ళనీ చూశాడు. సూపర్‌వైజర్ వచ్చి, "యల్లా, యల్లా" అని తొందరపెట్టాక గానీ కదలలేదు.

శుక్రవారం చాచా గోల్ వెనక నిలబడలేదు. ముందుకు వచ్చి, తన ఎడమకాలి చెప్పు విప్పి, గీతకు రెండడుగుల ముందు మట్టిలో పెట్టాడు.

"నీ జాగా ఇది. ఇక్కడ నిలబడు. చేతులు గోడౌన్ల ఎట్లుంటయో అట్లనే ఉండనీ. రానియ్యి, పొట్టకు తెచ్చుకో, ఎనకకు అడుగెయ్యి. ఎంత ఏసినా గీత నీ ఎనకనే ఉంటది."

"ఎదురు పోవద్దా మరి?"

"అది నా ఆట. నీది కాదు."

మామీర్ వాళ్ళు ఊరుకుంటారా? "గోల్ కాడ చెప్పెందుకు భాయ్? దిష్టికా?" అన్నారు. రిఫరీ కూడా నవ్వి వదిలేశాడు. చాచా ఒంటికాలి చెప్పుతో పోస్టు పక్కన నిలబడ్డాడు. నేల కాలుతున్నట్టుంది, ఎడమపాదం ఎత్తి కుడికాలి మీద పెట్టుకున్నాడు. మ్యాచ్ మొత్తంలో ఒక్కసారి కూడా అరవలేదు.

ఆట ముగిసే ముందు బలమైన షాట్ ఒకటి నేరుగా వచ్చింది. మావాడు చెప్పు పక్కనే ఉన్నాడు. పట్టాడు. పొట్టకు తెచ్చుకున్నాడు. ఒక అడుగు వెనక్కి పడింది. రిఫరీ గీత దగ్గరికి పరుగెత్తి, వంగి చూశాడు. మడమకీ సున్నానికీ మధ్య మట్టి కనిపిస్తోంది. రిఫరీ గోల్ కాదని చెయ్యి అడ్డంగా ఊపాడు.

మేం ఆ రోజు గెలవలేదు. రెండు జట్లకూ గోల్ లేదు. అందరూ నీళ్ళ కూలర్ వైపు వెళ్తుంటే చాచా అక్కడే నిలబడ్డాడు, కెప్టెన్ ఏమంటాడో అని. కెప్టెన్ గోల్ దగ్గరికి వెళ్ళి చెప్పు తీసి, మట్టి దులిపి, చాచా పాదం ముందు పెట్టాడు.

"వచ్చే శుక్రవారం ఇక్కడ పెట్టడానికి పాత చెప్పొకటి తెచ్చుకోండి చాచా," అన్నాడు. "కాలు కాలిపోతుంది మీకు."