కంబన్న పడుగుకు రాని చేతులు

సుబ్బక్కకు నోరు పెద్దదని పత్తికొండ తట్టున ఆ నేతపల్లెలో అందరికీ తెలుసు. మొగుడు పోయిన ఇరవై ఏళ్లుగా రాట్నం తిప్పి, మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతున్న మనిషి. చేతికి పని ఉన్నంతసేపూ నోటికీ పని ఉండాలనుకునే రకం. అంత నోరూ పక్కింటి పసిపిల్లకు మాత్రం చాలాకాలం అక్కరకు రాలేదు.

ఆ పిల్ల మద్దమ్మ. ఎనిమిదేళ్లు, తల్లి లేదు. తండ్రి కంబన్న మంచి నేతగాడు. అతను నేసిన చీర అంచు చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. కానీ మగ్గం మీద తెగేది పోగు, వాచేది మద్దమ్మ వీపు. ఒకనాడు కండెల కోసం వచ్చిన పిల్ల నిలబడలేక గడపలో కూలబడితే, సుబ్బక్క రాట్నం ఆపి లేచింది.

మొదట గ్రామ మునసబు నరసన్న దగ్గరకు పోయింది. ఆయన కంబన్నను పిలిపించి, కర్పూరం ఆర్పించి, "ఇంక కొట్టను" అని ప్రమాణం చేయించాడు. "తీర్పంటే ఇట్లుండల్ల" అని మీసం దువ్వుకుని, పిల్ల చెయ్యి తీసుకుపోయి తండ్రి చేతిలోనే పెట్టాడు. ఆ సాయంత్రం మద్దమ్మకు రెండు వంతులు పడ్డాయి. ఒకటి తెగిన పోగుకు, రెండోది కర్పూరానికి.

సుబ్బక్క మళ్లీ పోయింది. "సామీ, ప్రమాణం తప్పినాడు!"

"దేవుని మీద ప్రమాణం తప్పినోన్ని దేవుడే సూసుకుంటాడు లేమ్మే. నా అధికారం ఊరి పొలిమేర దాంకే" అన్నాడు మునసబు.

సరేనని పిల్లను వెంటబెట్టుకుని ఆరు మైళ్లు నడిచి ఠాణాకు పోయింది. అక్కడి హెడ్డు చాలా మర్యాదస్తుడు. వీపు చూశాడు, అయ్యో అన్నాడు, కాగితం తీశాడు.

"మైనరు బిడ్డ తరపున సంరక్షకుడే ఫిర్యాదు ఇయ్యల్ల. ఎవరు సంరక్షకుడు?"

"వాళ్ల నాయన."

"అయితే ఆయన్నే పిల్చుకొని రా. వేలిముద్ర ఏస్తే ఇప్పుడే కేసు కడతా."

"కొట్టినోడే వచ్చి నేను కొట్టినానని చెప్పల్లనా, దొరా?"

"రూలు నేను పెట్టింది కాదమ్మా" అంటూ ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మళ్లీ పెట్టెలో పెట్టాడు.

తిరుగుదారిలో ఆరు మైళ్లూ సుబ్బక్క తనలో తానే గొణుక్కుంది. కంచే చేను మేస్తోందంటే, ఆ కంచెనే అడిగి రమ్మంటారు వీళ్లు! ఆమెకు ఏడుపొచ్చింది. అంతకుమించి ఒళ్లు మండింది.

నాలుగో రోజు పొద్దున్నే కంబన్న పడుగు వేశాడు. వీధి పొడవునా నూలు సాగదీసి గంజి పట్టించాక, అది ఆరేలోపు రెండు వైపులా పదిమంది నిలబడి కుంచెలతో దువ్వాలి. ఆలస్యమైతే పోగులన్నీ అతుక్కుపోయి రెండు నెలల కూడు మట్టి పాలవుతుంది. అందుకే అక్కడ ఎవరి పడుగుకైనా అందరూ పిలవకుండానే వస్తారు. ఆ రోజు కంబన్న గంజి పట్టించి తలెత్తి చూస్తే, ఆడవాళ్లంతా ఎవరి అరుగు మీద వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ముందురోజు సుబ్బక్క ఇంటింటికీ తిరిగి వచ్చింది మరి. మగవాళ్లు కూడా, కూడు వండేదెవరో గుర్తుంచుకుని, తలుపుల చాటునే ఉండిపోయారు.

"ఏమక్కా, ఎండెక్కతాండాది, రాండి!"

"మద్దమ్మ ఇంక నా ఇంట్లో ఉంటాది. సరేనంటే వస్తాం."

"నా బిడ్డ, నా ఇష్టం!"

"నీ పడుగు, నీ ఇష్టం. దువ్వుకో."

కంబన్న కుంచె పట్టుకుని ఆ చివరికి పరుగెత్తాడు. ఆ చివర దువ్వేసరికి ఈ చివర బిగుసుకుంది. మూడు పరుగులకే నడుం పట్టుకుని, "తీసుకోండి తల్లీ!" అని వీధంతా వినపడేలా అరిచాడు. క్షణంలో అరుగులన్నీ ఖాళీ అయ్యాయి.

మధ్యాహ్నం సుబ్బక్క ఇంట్లో జొన్నరొట్టె తింటూ మద్దమ్మ అడిగింది. "అవ్వా, నాయన పడుగు అయిపోయినాక నన్ను మళ్లా పంపిస్తారా?"

సుబ్బక్క ఇంకో రొట్టె ముక్క తుంచి పిల్ల ముందు పెట్టింది. ఇన్ని చేతులూ ఈ వీధిలోనే ఉన్నాయి కదా, ఇన్నేళ్లూ ఆ కేకలు వింటూ కూర్చున్నాం కదా అని సిగ్గేసింది.

"నేసేవానికి పడుగు పని యాడ తీరుతాదే? ఇది అయితే ఇంకోటి. తిను."

మద్దమ్మ రొట్టె అందుకుంది.

"అయితే మా నాయన శానా చీరలు నేయల్ల" అంది.