కురచ చేతుల బార

ఆ రోజుల్లో నాకు డిగ్రీ ఉండేది, పొగరుండేది, చేతులే కాస్త కురచ. ఇప్పుడు పొగరు కూడా అరిగిపోయింది. ఆఫీసు నుంచొచ్చి కుర్చీలో కూలబడితే లేవబుద్ధి కాదు. అలాంటప్పుడే ‘బార’ అనే మాట గుర్తొస్తుంది. రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొస దాకా బార. ఈతలో చెయ్యి విసిరితే అదీ బారే. ‘బారెడు పొద్దెక్కింది, లెగరా’ అంటూ మా అమ్మ దుప్పటి లాగేసేది (సూర్యుణ్ణి ఎవరి చేతులతో కొలిచిందో ఆవిడకే తెలియాలి). మనిషి ఒంట్లోంచి పుట్టిన కొలత కాబట్టి ఏ ఇద్దరి బారా ఒకటి కాదు. ఈ సంగతి మా మావకి బాగా తెలుసు.

మావకి ఫిషింగ్ హార్బర్ దగ్గర తాళ్ళ కొట్టు. మీటర్లెన్ని వచ్చినా అక్కడ తాడు బారల్లోనే అమ్మేవారు. నన్ను పనిలో పెట్టుకున్నది డిగ్రీ చూసి కాదు, చేతులు చూసి: నా బారకి తాడు తక్కువ పోతుంది. అందుకే బేరానికొచ్చేవాళ్ళు తమలో పొడుగువాణ్ణి కొలవడానికి తెచ్చుకునేవారు. ఒకరోజు మాత్రం ఓ చేపలమ్మే ఆవిడ ఒంటరిగా వచ్చింది.

“లంగరు తాడు తెగిపోనాది బాబూ. మా ఆయన ఇంజిను బాగు సేత్తన్నాడు, సాయంత్రం ఏటకెల్లాల. ఇరవై బారలు తెమ్మన్నాడు. ఆయన బారలు! నీ సేతులేటి, రొయ్య కాళ్ళలాగున్నాయి? తాడు సాలకపోతే లంగరు అడుక్కి తగల్దు, పడవ కొట్టుకుపోద్ది.”

ఒక పక్క మావ కళ్ళురుముతున్నాడు. ఇంకో పక్క ఆవిడ కళ్ళలో నీళ్ళు. నేను కళ్ళు మూసుకుని, ఛాతీ విరిచి, ఒంట్లో లేని పొడుగంతా చేతుల్లోకి లాగి కొలవడం మొదలుపెట్టాను. ఆఖరి బారకి కుడి భుజంలో టక్కుమంది. ఆవిడ తాడు భుజానేసుకుని పరుగున వెళ్ళిపోయింది. నా చెయ్యి మాత్రం చాపింది చాపినట్టే ఉండిపోయింది.

“దించరా అల్లుడూ!”

“దిగట్లేదు మావా!”

సీతమ్మధారలో ఎముకల డాక్టరు దగ్గరికి పొమ్మని మావ బస్సు ఛార్జీ చేతిలో పెట్టాడు (ఎడమ చేతిలో). బస్టాపులో ఆ చెయ్యి చూసి ఆటోలన్నీ ఆగడం, నేను ఎక్కకపోతే తిట్టిపోవడం. బస్సులో ఒకాయన, “ఏటి బావ, ఎవులికి దారి సూపిత్తన్నావ్?” అన్నాడు. డాక్టరు ఒక్క గుంజు గుంజి భుజాన్ని దాని చోట కూర్చోబెట్టాడు.

ఆ రాత్రి గాలి లేచింది. మావ పోయిన తాడు గురించి సణుగుతూనే ఉన్నాడు. నాకు అన్నం సయించలేదు. పడవ తిరిగొచ్చేదాకా హార్బర్ వైపు చూస్తూ గడిపాను. చివరికి ఆవిడ కొట్టు ముందు బుట్ట దింపి, నా కట్టు కట్టిన భుజం చూసి, “సాలింది నాయనా” అంది. అంతే.

తరవాత ఎన్నో ఉద్యోగాలు చేశాను. ఒళ్ళు పులిసేలా పని చేసినా, ఇంకా ఏదో తక్కువైందనే అంటారు. అందుకే కుర్చీలో కూలబడి ఆ కురచ చేతుల కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడు ఒక్కరోజైనా ఒకరికి చాలాడు.