ఎర్రగడ్డ రుచికి ఐదు నాలుకల సాక్ష్యం

యతిరాజులుకు లోకంలో ఒకటే యావ: తాను తినని కూరగాయ ఎట్లుంటుందో తెలుసుకోవాలి. నిష్ఠ గల వైష్ణవుడు. ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, ముట్టడు. తెల్లగడ్డ వాసనొస్తే ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుంటాడు. మునక్కాయ ఎదురైతే పగబట్టిన బంధువును చూసినట్టు మొహం తిప్పుకుంటాడు. అట్లాంటి మనిషి, తిరుపతి శివారు కాలనీలో ఆదివారం సంతకు పెద్ద.

దేవస్థానం ఆఫీసులో రిటైరై ఇంట్లో కుదురుగా కూర్చోలేక ఆ సంత పెట్టించింది ఆయనే. మధ్యలో దళారీ లేకుండా చుట్టుపక్కల రైతులు బడి మైదానంలో తట్టలు దించుతారు. కాలనీ వాళ్లకు అమ్మకంతో పాటు వారానికో కార్యక్రమం కూడా ఉంటుంది. ఒక వారం పెరట్లో వేసుకోను విత్తనాలు పంచుతారు, ఒక వారం కళ్ల డాక్టరొస్తాడు, ఒక వారం ఆడవాళ్లకు వంటల పోటీ. అన్నిటికీ యతిరాజులే ముందుంటాడు. కానీ కాళ్లు మాత్రం తిరిగి తిరిగి ఎర్రగడ్డల గంగాధరం దగ్గరే ఆగుతాయి.

"ఏమప్పా, ఇది ఎట్లుంటాది?"

"బాగుంటాది సామీ."

"బాగుంటాదంటే? చింతపండు బాగుంటాది, బెల్లమూ బాగుంటాది. రెండూ ఒకటేనా?"

గంగాధరం తలగుడ్డ విప్పి, మళ్లీ చుట్టుకొని, ఆలోచించినాడు. "కోస్తే ఏడిపిస్తాది. వేగితే నవ్విస్తాది."

"అదీ మాటంటే" అని యతిరాజులు తానే తిన్నంత తృప్తిగా సంతంతా తిరిగి చెప్పుకొచ్చినాడు.

ఆయన భార్య గోదాదేవి విని నిట్టూర్చింది. "పెండ్లయినకాడ్నించి నేను పెట్టే చారు ఎట్లుండాదో ఒక్కనాడు అడగలేదు. ఊళ్లో వాళ్ల ఎర్రగడ్డ కావాలంట ఈయనకు."

రైతుల మాట చాలలేదు ఆయనకు. "వాళ్ల సరుకు వాళ్లే పొగుడుకుంటారు, తిన్నోళ్లు చెప్పాల" అని ఒక రుచి సాక్షిని పెట్టుకున్నాడు. ఆ సాక్షి ఆయిషా బీ. మొగుడు అబ్దుల్ సత్తార్ జట్కా తోలేవాడు. టౌను బస్సులొచ్చి జట్కాల గిరాకీ సగం తిన్నాయి. ఆపైన ఆయన బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచాన ఉన్నాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆయిషా బీ మాత్రం తలవంచే మనిషి కాదు. పొరుగింటి శకుంతలమ్మ ఒకసారి గిన్నెడు పులుసు పంపితే, సాయంత్రానికల్లా గిన్నె నిండా నిమ్మకాయలు తిరిగొచ్చినాయి. మళ్లీ పంపడానికి శకుంతలమ్మకు ధైర్యం చాలలేదు.

ప్రతి ఆదివారం యతిరాజులు ఆయిషా బీ సంచి నింపేవాడు. "ఎర్రగడ్డ ఉత్తది తింటే ఏం తెలుస్తాది? పప్పులో తినాల" అని కందిపప్పు. "పప్పు ఉత్తది తింటారా ఎవురన్నా?" అని బియ్యం. "కూరలో ఎట్లుంటాదో" అని వంకాయలు. "ఒక్క నాలుక సాక్ష్యం చెల్లదు. ఇంట్లో ఐదుగురూ కడుపు నిండా తిని చెప్పాల."

ఇవన్నీ శకుంతలమ్మకు వివరంగా తెలుసు. ఎవరి సంచిలో ఏముందో తొంగి చూడకపోతే ఆమెకు అన్నం అరగదు. చూసి చూసి ఒకరోజు అడిగేసింది.

"సామీ, నాకూ నాలుక ఉండాది గదా. నన్నెందుకు సాక్షిగా పెట్టుకోరు?"

"నీ నాలుక మీద నాకు నమ్మకం లేదమ్మా. అది తినేదానికంటే మాట్లాడేది ఎక్కువ."

సంతంతా నవ్వింది. ఈ సామి ఎప్పుడో ఒకప్పుడు దొరక్కపోడని శకుంతలమ్మ మనసులో ముడి వేసుకుంది.

దొరకనే దొరికినాడు. ఆ వారం వానకు వంక పొంగి గంగాధరం బండి రాలేదు. సంతలో ఎర్రగడ్డ అన్నదే లేదు. అయినా ఆయిషా బీ సంచి ఎప్పటిలాగే నిండింది. మరుసటి ఆదివారం సంత నిండా జనం. గంగాధరం తట్టలు దించుతున్నాడు. యతిరాజులు అలవాటు కొద్దీ గొంతెత్తినాడు.

"ఏమ్మా ఆయిషా బీ, పోయిన వారం ఎర్రగడ్డ ఎట్లుండింది?"

"నేను రాందే ఎర్రగడ్డ యాడిది సామీ?" అన్నాడు గంగాధరం.

ఆయిషా బీ మొహం మెల్లగా మారింది. "సంచిలో ఎర్రగడ్డ లేదు సామీ. మరి ఏం రుచి చెప్తానని అంత బియ్యం ఇచ్చినారు?" అని ఖాళీ సంచి ఆయన ముందు పెట్టేసింది.

యతిరాజులు ఉత్తరీయం కొస నలుపుకుంటూ నిలబడినాడు.

ఇన్నాళ్లు కాచుకున్న సందు ఇదే. శకుంతలమ్మ నోరు తెరిచింది కూడా. కానీ అప్పుడే ఆమె చూపు నేలమీది సంచి మీద పడింది. ఇన్ని వారాలు అందులోకి తొంగి చూసి వంకాయలతో సహా లెక్క చెప్పగలిగింది గాని, అవి ఎందుకు పడుతున్నాయో ఆమెకు ఇప్పటిదాకా తట్టనే లేదు. ఈ సంచి ఇక్కడే ఉండిపోతే ఆ ఐదుగురూ ఈ పూట ఏం తింటారు?

"అదేంది ఆయిషా, సామి అడిగేది నీకర్థం కాలా?" అంది. "ఎర్రగడ్డ లేని వంకాయ ఆయనకు తెలుసు, ఇంట్లో రోజూ తినేదే. మన నాలుకలకు ఎట్లుంటాదో ఆయనకేం తెలుసు? ఎర్రగడ్డ రాని వారమే గదా అది చూడాల్సింది. ఎర్రగడ్డ లేకుండా ఎట్లుండిందని అడగబోయి ఎర్రగడ్డ ఎట్లుండిందని అడిగినాడు. వయసు."

యతిరాజులు గబగబా తల ఊపినాడు. "వయసే. వయసే."

ఆయిషా బీ సాక్షి గదా, అబద్ధం చెప్పకూడదు.

"చప్పగుండింది అక్కా. మా ఆయన రెండు ముద్దలకే మొహం అట్లా పెట్టినాడు. పిల్లోళ్లు మాత్రం గిన్నె గీకి తిన్నారు."

"విన్నారా, నేను లేకపోతే సంసారాలు చప్పబడతాయి" అని గంగాధరం మీసం దువ్వినాడు. జనం నవ్వినారు. ఆ నవ్వుల్లో ఆయిషా బీ వంగి సంచి చేతికి తీసుకుంది.

జనం పలచబడినాక యతిరాజులు శకుంతలమ్మ దగ్గరికొచ్చినాడు.

"నీ నాలుక మంచిదేనమ్మా."

"మంచిదంటే?" అంది శకుంతలమ్మ. "చింతపండు మంచిది, బెల్లమూ మంచిది. రెండూ ఒకటేనా సామీ?"

ఆయన గంగాధరం తట్ట వైపు చూసినాడు.

"ఎర్రగడ్డ మాదిరి."

"తినకుండానే చెప్తారే?"

"ఐదు నాలుకలు సాక్ష్యం చెప్పినాయి గదమ్మా" అని, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, రెండు ఎర్రగడ్డలు ఏరి ఆమె సంచిలో వేసినాడు.