రెండు క్వార్టర్ల మధ్య గోడ

ఓడలు కట్టే యార్డులో గ్యాస్ కటింగు మేస్త్రీకి గోడంటే గౌరవం ఉండదు. ఇంజను తలుపులోంచి బయటికి రాకపోతే ఓడ పక్క కోసేస్తారు, ఇంజను తీస్తారు, మళ్లీ అతికేస్తారు. ఓడ ఏమీ అనుకోదు. ముప్పై ఒక్కేళ్లు అదే పని చేసిన మనిషికి కంపెనీ ఇచ్చిన క్వార్టరు గోడ కూడా అలాగే కనిపించిందంటే తప్పు పట్టడానికి లేదు.

పక్క క్వార్టర్లో క్రేన్ ఆపరేటరు కాపురం. ఒక వానాకాలం మేస్త్రీ భార్య టైఫాయిడ్‌తో మంచం పట్టింది. క్రేన్ ఆపరేటరు భార్య రోజుకు పదిసార్లు గిన్నె పట్టుకుని, వీధి చుట్టి, తడిసి ముద్దయి వచ్చేది. చూడలేక మేస్త్రీ ఒక ఆదివారం మధ్యగోడ పగలగొట్టాడు. యార్డులో విప్పేస్తున్న పాత ఓడలోంచి ఇనప తలుపొకటి తెచ్చి బిగించాడు. ఓడ తలుపు కదా, నీళ్లు లోపలికి రాకుండా గడప మోకాలెత్తు ఉంటుంది. ఆ రెండిళ్లలోకీ నీళ్లు ఎన్నడూ రాలేదు, ఎండాకాలం కుళాయిల్లో కూడా.

జ్వరం తగ్గింది, తలుపు మిగిలింది. ఆడవాళ్లిద్దరూ పొయ్యి ఒకటి చేసుకున్నారు. "అక్కా" అని మేస్త్రీ భార్య, "ఏమే" అని పక్కింటావిడ. ఆ వరసన ఆవిడ మేస్త్రీకి వదిన అయింది. కొన్నేళ్లకు క్రేన్ ఆపరేటరు గుండె ఆగి పోయాడు. ఆయన ఉద్యోగం వదినకిచ్చారు. క్రేను కాదు, టైమాఫీసులో కుర్చీ. దాంతో క్వార్టరు ఆవిడకే ఉండిపోయింది. అప్పుడు మేస్త్రీ భార్య రెండు నెలలు అవతలే పడుకుంది. ఎందుకని మేస్త్రీ అడగలేదు. వేళకు అన్నం అందుతూనే ఉంది.

ఇప్పుడు ఆయనకు రిటైర్మెంటు కాగితం వచ్చింది. నెలలోగా క్వార్టరు ఖాళీ చేసి, ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలట. మేస్త్రీ బెంగపడలేదు. రైల్లో ఒక పగలంతా వెళ్తే వచ్చే ఊళ్లో సొంతిల్లు కట్టించుకున్నాడు. భార్యకు ప్లాను చూపించాడు, టైల్సు చూపించాడు. ఆవిడ అన్నిటికీ "సరే" అంది. వదినకు ఇంకా మూడేళ్ల సర్వీసుంది, ఆవిడ రాదు. భార్య వస్తుందా అని ఆయన అడగనేలేదు. భార్య కదా, ఎక్కడికి పోతుందని ధీమా.

గురువారం ఇన్‌స్పెక్టరు వస్తాడనగా బుధవారం పొద్దున్నే తలుపు ఊడదీసి ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి గోడ పైదాకా లేచింది. ఒక్క ఇటుక పట్టే కన్నం మిగిలింది.

యార్డులో ఓడ ట్యాంకు మూసేముందు ఒక పద్ధతి ఉంది. మూత బిగించేవాడు లోపలికి మూడుసార్లు కేకెయ్యాలి. జవాబొస్తే మూయకూడదు. మేస్త్రీ నోటికి అది ఎంత అలవాటంటే, ఆఖరి ఇటుకకు సిమెంటు రాసి, ఆలోచించకుండానే కన్నంలోకి కేకేశాడు.

"లోపలెవరైనా ఉన్నారా?"

జవాబు లేదు. రెండోసారీ లేదు. మూడోసారికి అవతల్నుంచి భార్య గొంతు వినిపించింది.

"ఉన్నానండీ."

"అక్కడేం చేస్తున్నావు?"

"కూర్చున్నాను."

"ఇటు రా, ఇటుక పెట్టెయ్యాలి."

"పెట్టెయ్యండి."

"మరి నువ్వో?"

"అక్కనొక్కదాన్నీ వదిలేసి నేను రాలేనండీ. ఎప్పట్నుంచో చెబుదామనే అనుకుంటున్నా. మీరంత సంబరంగా టైల్సు చూపిస్తుంటే నోరు రాలేదు."

ముప్పై ఒక్కేళ్లలో ఆ కేకకు జవాబు రావడం అదే మొదలు. మేస్త్రీకి ముందు కోపమొచ్చింది, తర్వాత భయమేసింది. కోపం పోయింది, భయం పోలేదు. ఆ కొత్తింట్లో తనొక్కడే పొద్దున లేచి, తనొక్కడే తలుపు తీసుకుని, ఎవరితో మాట్లాడతాడు? చేతిలో ఇటుక మీద సిమెంటు ఆరిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత తాపీ, బొచ్చె పట్టుకుని వీధి చుట్టి పక్క క్వార్టరుకు వెళ్లాడు. కొత్తగా సిమెంటు కలుపుకుని ఆఖరి ఇటుక అటువైపు నుంచి పెట్టాడు. భార్య గోడకానుకుని కూర్చుని ఏడుస్తోంది. "జరుగు, చీరకు సిమెంటు అంటుకుంటుంది" అన్నాడు.

గురువారం ఇన్‌స్పెక్టరు గోడ తట్టి చూసి సంతకం పెట్టాడు. మకాం ఎక్కడికని అడిగితే మేస్త్రీ పక్కిల్లు చూపించాడు. ఆ క్వార్టరు వదినది కాబట్టి, అక్కడెవరున్నా ఆవిడే ఫారంలో రాయించాలి. ఇన్‌స్పెక్టరు కలం తీసి, మేస్త్రీ భార్యను చూపిస్తూ వదినను అడిగాడు.

"ఈవిడ మీకేమవుతారు?"

"చెల్లెలు."

"సొంత చెల్లెలా?"

"మీ ఫారంలో రెండు రకాలున్నాయా?"

ఇన్‌స్పెక్టరు ఫారం తిప్పి చూశాడు. లేవు.

"మరి ఈయన?"

వదిన మేస్త్రీని కిందనుంచి పైదాకా చూసింది.

"అది ఎక్కడుంటే అక్కడుంటాడు. రాసుకోండి."